మూడో కాలువలో ఉప్పు తగ్గిన వారం

గట్టువాడ, మూడో కాలువ.
చిట్టా రాసేది: సంగాని ఈశ్వరి.

ఆగస్టు 10, ఉదయం పోటు

ఉప్పు లీటరుకు 30 గ్రాములు. నీటి వడి సెకనుకు రెండు మీటర్లు. వోల్టులు 30. పంపులు నాలుగూ తిరుగుతున్నాయి.

పొద్దున్నే మావయ్యా నేనూ కాలువ గోడలు గీకాం. దిగేముందు పిన్నీసులు, తాళంచెవి తీసి డబ్బాలో పడేశాను. కాలువకి కిందా పైనా ఉన్న అయస్కాంతాలు ఇనుము కనబడితే వదలవు. పోయినేడు ఎవరో మర్చిపోయి జేబులో తెచ్చిన రెంచి ఇప్పటికీ అడుగున అతుక్కునే ఉంది. అందుకే గీకేది చెక్క పారలతో. రెండు పక్కలా ఉన్న బొగ్గు పలకల మీద గుల్లలు పేరుకుంటే కరెంటు సగం దండగ. గీకుతున్నంతసేపూ కళ్ళు మండే బ్లీచింగు వాసన, ఉప్పు నీళ్ళలో కరెంటు పారితే వచ్చేది. నా చీరలన్నీ మోకాళ్ళ దాకా తెల్లబడింది ఈ నీళ్ళ వల్లే.

మావయ్య అంటే పాలెపు ధర్మారావు, మా అమ్మ తమ్ముడు. యాభై ఎనిమిదేళ్ళు. ఈ కాలువకి కాంక్రీటు పోసిన వాళ్ళలో ఆయనొకడు. చిట్టా నాది, నీళ్ళలో పని ఆయనది.

మధ్యాహ్నం ప్రెసిడెంటు మల్లాడి భూలక్ష్మిగారు వచ్చారు. గోదావరికి పెద్ద వరద వస్తోందని, రెండు రోజుల్లో నది సముద్రంలో కలిసే మన మొగకి చేరుతుందని రేడియోలో చెప్పారట. పక్కనున్న లంకపేట వాళ్ళ గట్టు ఒకచోట జారిందట. కరెంటు చాలనప్పుడు పంపులు తిప్పే మన డీజిలు ఇంజను పంపమని అడుగుతున్నారు.

"ఇచ్చేత్తే మనకి ఇబ్బందేం ఉండదు గదా?" అన్నారావిడ.

పోటుకి సముద్రపు నీళ్ళు ఈ కాలువలోంచి వెనక మడుగులోకి వస్తాయి. ఆటుకి తిరిగి పోతాయి. రెండుసార్లూ అయస్కాంతాల మధ్య నుంచే పోవాలి. అప్పుడు నీళ్ళలో కరిగిన ఉప్పులోని ప్లస్సు ఒక పలక వైపుకి, మైనస్సు రెండో పలక వైపుకి జరుగుతాయి. ఊరికి వచ్చే కరెంటంతా అదే. తిరిగే చక్రం ఏదీ లేదు. నీళ్ళ వడి ఎంత ఉంటే అంత వోల్టు.

"వరదొస్తే వడి పెరుగుతుందండి. వడి పెరిగితే ఇంకా మంచిది. ఇంజను పంపించెయ్యండి," అన్నాను.

కాగితం మీద ఆవిడ సంతకం పెట్టారు. కింద నేను పెట్టాను. సాయంత్రానికి ఇంజను పడవెక్కింది.

ఆగస్టు 12, ఉదయం ఆటు

వడి సెకనుకు మూడు. వోల్టులు 44. ఈ చిట్టా మొదలుపెట్టాక ఇంత వోల్టు ఎప్పుడూ రాయలేదు.

రాసి కలం కింద పెట్టానో లేదో పంపుల దగ్గర్నించి మావయ్య పిలిచాడు. నాలుగో పంపు తిరుగుతోంది గాని నీళ్ళు లాగడం లేదు. మూడోది మూలుగుతోంది. వోల్టు మేము పంపుల లోడు తీసి కొలుస్తాం, అదే మా అలవాటు. ఎంత కరెంటు పారుతుందో చెప్పే మీటరు జూన్‌లో కాలిపోయింది, కొత్తది ఇంకా రాలేదు. కాబట్టి వోల్టు ముల్లు చెప్పిందే నమ్మాను.

కాలువ మీదికి వంగి చూశాను. నీళ్ళు ఎర్రగా, సుడులు తిరుగుతూ పోతున్నాయి. ఏదో తేడాగా ఉంది, ఏమిటో వెంటనే తట్టలేదు. కాసేపటికి తెలిసింది. బ్లీచింగు వాసన లేదు.

ఉప్పు కొలిచే గాజు గొట్టం ముంచి చూస్తే 14.

పదో తారీఖున నేను ప్రెసిడెంటుగారితో చెప్పింది తప్పు. ఇక్కడే రాసి పెడుతున్నాను. వడి పెరిగితే తోసే బలం పెరుగుతుంది, అంతవరకూ నిజమే. కాని కరెంటుని మోసేది ఉప్పు. నది నీళ్ళలో ఉప్పు లేదు. బలం ఎంతున్నా, మోసేవాళ్ళు లేనిదే సరుకు కదలదు. ఇది నాకు తెలియని విషయం కాదు. శిక్షణలో మొదటి వారమే చెప్పారు. పదేళ్ళుగా ఇక్కడ ఉప్పు ఇరవై ఎనిమిదికి తగ్గలేదు గనక ఆ సంగతి ఆలోచించడం మానేశాను.

మావయ్యకి చెప్పాను. ఆయన చెక్క పార గోడకి ఆనించి, నీళ్ళలోకి చూస్తూ నిలబడ్డాడు.

"ఇంజను లంకపేట చేరిపోయుంటాది," అన్నాడు.

"చేరింది మావయ్యా."

"అయితే దాని గురించి మర్చిపో. ఉన్నదాంతో సూసుకుందాం."

ఆగస్టు 13, ఉదయం పోటు

ఉప్పు 8. నిన్న మధ్యాహ్నం మొదలైన వాన ఆగలేదు. పంపులు రెండే పనిచేస్తున్నాయి.

గట్టువాడలో నాలుగు వందల పన్నెండు మందిమి ఉన్నాం. పోటు వేళ సముద్రం మా నేల కంటే నిలువెత్తు పైన ఉంటుంది. చుట్టూ గట్టు ఉంది కాబట్టి బతుకుతున్నాం. గట్టు లోపల కురిసింది, ఊరింది ఎప్పటికప్పుడు పంపులే బయటికి తోడాలి. పల్లపు వీధిలో ఇప్పటికే మోకాలి లోతు నీళ్ళు.

ప్రెసిడెంటుగారి దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఇంజను పంపమనడం నా పొరపాటేనని కూడా చెప్పాను. తిడతారనుకున్నాను. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, "సంతకం నాది కూడా ఉంది గదా. ఇప్పుడేం ఆపొచ్చో అది చెప్పు," అన్నారు.

ఐసు ఫ్యాక్టరీ ఆపాం. ఇళ్ళకి లైట్లు ఆపాం. తాగునీటి ప్లాంటు కూడా ఆపాం, చుట్టూ ఉన్నది ఎలాగూ తీపి నీళ్ళే, వడగట్టి కాచుకుంటే చాలు. ఉన్న కరెంటంతా పంపులకీ ఆసుపత్రికీ. నీళ్ళు కదలని వేళల కోసం నింపుకునే బ్యాటరీల్లో మిగిలింది కూడా సాయంత్రానికి అయిపోయింది.

పల్లపు వీధి వాళ్ళని మెరకలోకి తీసుకొచ్చాం. తొమ్మిది కుటుంబాలు మా కాలువ షెడ్డులోనే ఉన్నాయి. మీటర్ల బల్ల పక్కన మోకా వరహాలమ్మ చాప పరుచుకుంది. డెబ్బై దాటిన మనిషి. ఒకప్పుడు మొగలో సొంతంగా వల వేసేదట. వచ్చిన దగ్గర్నించీ నా పనిని చూస్తోంది.

"ఆ గొట్టం అస్తమానం ముంచుతావేటమ్మా?" అని అడిగింది.

"ఉప్పు ఎంతుందో చూడ్డానికి."

"నాలిక్కి రాసుకుంటే తెలవదా?"

ఆగస్టు 14, ఉదయం ఆటు

ఉప్పు 3. ఒక్క పంపు. అదీ ఆగి ఆగి.

ఎండుచేపల షెడ్డులో ఉన్న ఉప్పు బస్తాలు తెచ్చి కాలువ ఎగువన కుమ్మరిద్దామన్నాడు మావయ్య. అందరం మోశాం. అరవై రెండు బస్తాలు. కుమ్మరించగానే రెండో పంపు లేచింది. షెడ్డులో పిల్లలు చప్పట్లు కొట్టారు. పదకొండు నిమిషాలు తిరిగింది. ఉప్పంతా కొట్టుకుపోయింది, పంపు ఆగిపోయింది. గట్టు పైనుంచి చూస్తే పల్లపు వీధిలో కిటికీల మధ్యదాకా నీళ్ళు.

మావయ్య ఖాళీ బస్తా మీద కూలబడ్డాడు. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా, నలుగురిలోనే.

ఆగస్టు 15, ఉదయం

కాలువ నోటి దగ్గర బావి ఉంది. బయటి పాయలోంచి నీళ్ళు ముందు అందులోకి వచ్చి, ఆ తర్వాత కాలువలోకి ఎక్కుతాయి. ఆరు మీటర్ల లోతు. పొద్దున నేను మళ్ళీ ఉప్పు కొలవడానికి వెళ్ళేసరికి వరహాలమ్మ ఆ బావి గట్టు మీద కూర్చుని, పాయలోకి గాలం వేసి ఉంది. పక్కన బుట్టలో ఒక చేప తోక కొట్టుకుంటోంది. బల్లపరుపుగా, కొరడాలాంటి తోకతో. టేకు చేప.

"ఇదెక్కడిది?" అన్నాను.

"ఇక్కడే పడింది. తొమ్మిది కొంపల వాళ్ళు గంజి తాగి ఎన్నాళ్ళుంటారు?"

"టేకు సముద్రంలో కదా ఉండేది. ఈ తీపి నీళ్ళలో ఎలా బతికింది?"

ఆవిడ నన్ను చిన్నపిల్లని చూసినట్టు చూసింది. "పైన తీపమ్మా. అడుగున ఉప్పే. ఏటి నీళ్ళు తేలిక, సముద్రం నీళ్ళు బరువు. పోటు తిరిగినప్పుడల్లా సముద్రం కింద నించి పాక్కుంటా వత్తాది. వరదప్పుడు మేం వల అడుక్కి దింపేవోళ్ళం. పైన దింపితే ఏటి చేప, కింద దింపితే సముద్రం చేప."

సీసాకి రాయి కట్టి, బిరడాకి వేరే దారం కట్టి పాయలోకి ఆరు మీటర్లు దింపాను. అడుగున బిరడా లాగాను. పైకి తీసి గొట్టం ముంచితే ఉప్పు 26.

ఇంకోసారి చేశాను. 26.

పరిగెత్తుకుంటూ వెళ్ళి మావయ్యని తీసుకొచ్చాను. బావికి పాయ వైపున్న గోడలో పెద్ద తలుపు ఉంది. చెక్క పలకలు ఒకదాని మీద ఒకటి గాడిలో నిలబెట్టి కట్టినది. అడుగు బురద లోపలికి రాకుండా ఆ పలకలు కింది నాలుగు మీటర్లూ మూసేస్తాయి. మిగిలిన పై రెండు మీటర్లలోంచి నీళ్ళు వస్తాయి. అంటే నాలుగు రోజులుగా మేము పైనున్న తీపినే లోపలికి రానిస్తున్నాం, కిందనున్న ఉప్పుని బయట ఆపుతున్నాం.

"మొత్తం తలుపు రెండు మీటర్లు పైకి లేపితే?" అన్నాను.

"పైన మూసుకుంటాది, కింద తెరుచుకుంటాది," అన్నాడు మావయ్య. కాసేపు లెక్క వేసుకున్నాడు. "కాంక్రీటు పోసిన కాణ్ణించీ దాన్ని కదపలేదే అమ్మడూ. అడుగున బురదలో కూరుకుపోయుంటాది. దిగి తాళ్ళు తగిలించాలి. లేచాక కింద గాడి కన్నాల్లో చెక్క మేకులు దిగ్గొట్టాలి, లేపోతే మళ్ళీ జారిపోద్ది."

పదకొండుంపావుకి ఆటు ఆగి, పోటు మొదలవ్వాలి. ఆ మధ్యలో ఇరవై నిమిషాలు నీళ్ళు కదలవు. అప్పుడే దిగాలి.

అదే రోజు, మధ్యాహ్నం

వరస తప్పకుండా రాస్తాను.

పల్లపు వీధి వాళ్ళు, ఐసు ఫ్యాక్టరీ వాళ్ళు కలిసి ముప్ఫై మంది దాకా తాళ్ళు పట్టుకున్నారు. నేను దిగుతానంటే మావయ్య ఒప్పుకోలేదు.

"నీకు ఊపిరి సాలదు."

"నీ వయసెంత?"

"నా వయసు నీళ్ళకి తెలవదు. నువ్వు రెండో తాడు సూడు."

చివరికి తలుపుకి పాయ వైపున ఇద్దరం దిగాం. ఎర్ర నీళ్ళలో అరచెయ్యి కూడా కనబడలేదు. అంతా తడుముకోవడమే. మూడు మీటర్లు దిగాక ఒళ్ళు చటుక్కున తేలికైంది, నీళ్ళు నన్ను పైకి తోస్తున్నట్టు. పెదాల మీద ఉప్పు తగిలింది. అంత సంతోషం నాకు ఈ మధ్య ఎప్పుడూ కలగలేదు.

కింది పలక అంచు బురదలో జానెడు కూరుకుపోయి ఉంది. మూడుసార్లు మునిగి బురద తవ్వాం. నాలుగోసారి తాళ్ళు తగిలించాం. పైన అందరూ ఒక్క గొంతుతో లాగారు. తలుపు మొదట కదల్లేదు. తర్వాత గోడ విరిగినంత చప్పుడుతో లేచింది. మూడు మేకులు మావయ్య దిగ్గొట్టాడు. నాలుగోది, ఎడమ గాడిలోది మిగిలింది.

అది పెడుతుండగా ఎడమ తాడు తెగింది. తలుపు అటువైపు ఒరిగి ఆయన కుడిచేతి మీద కూర్చుంది.

నేను అప్పటికి ఊపిరి కోసం పైకొచ్చి ఉన్నాను. ఆయన ఎంతసేపటికీ రాకపోయేసరికి మునిగాను. ఆయన భుజం దొరికింది. అక్కణ్ణించి చెయ్యి, చేతి చివర చెక్క. మళ్ళీ పైకొచ్చి, "ఎడంపక్కకి ఇంకో తాడు! లాగండి!" అని అరిచాను. కుడి తాడు మీద ఉన్నవాళ్ళలో సగం మంది ఇటు దూకారు. తాడు కొస పట్టుకుని మునిగి, అంచు కింద దూర్చాను. వాళ్ళు లాగారు. తలుపు నాలుగు వేళ్ళ మందం లేచింది. ఆయన చెయ్యి బయటపడింది. మేకు ఆయన ఎడమ చేతిలోనే ఉంది, వదల్లేదు. అది లాక్కుని గాడిలో పెట్టి, సుత్తి ఎక్కడుందో తెలియక మడమతో తన్నాను. దిగింది.

పైకి తెచ్చేసరికి ఆయనకి తెలివి ఉంది. చెయ్యి చూసుకుని, "కప్పండి దీన్ని," అన్నాడు.

పన్నెండు కావస్తుండగా పోటు ఊపందుకుంది. కాలువలో ఉప్పు ముందు 9, తర్వాత 17, తర్వాత 24. రెండో పంపు లేచింది. ఒంటిగంటకి మూడోది కూడా. షెడ్డంతా బ్లీచింగు వాసన.

అదే రోజు, సాయంత్రం

నాలుగింటికి డాక్టరు షమీమ్‌గారు స్వయంగా గట్టు మీద నడుచుకుంటూ వచ్చారు.

"రెండు వేళ్ళు నుజ్జయిపోయాయి ఈశ్వరీ. అవి తీసెయ్యాలి. ఇప్పుడే తీస్తే చెయ్యి నిలుస్తుంది. రేపటిదాకా ఆగితే విషం ఎక్కుతుంది. ఆక్సిజన్ మిషను, దీపం, పరికరాలు ఉడికించే డబ్బా, మూడూ గంటన్నర ఆగకుండా నడవాలి. ఇవ్వగలవా?"

అయిదున్నరకి పోటు ఆగుతుంది. తర్వాతి ఆటుకి మడుగులోంచి తీపి నీళ్ళే రావచ్చు, బ్యాటరీలూ ఇంకా ఖాళీయే. ఆగేముందు వడి తగ్గుతూ వస్తుంది. పంపులు మూడూ నడుస్తుంటే అయిదింటికే ఆసుపత్రిలో దీపం మసకేస్తుంది. పంపులు ఆపితే సరిపోతుంది. ఆపితే పల్లపు వీధిలో నీళ్ళు మళ్ళీ పెరుగుతాయి. మధ్యాహ్నం నుంచి దిగింది రెండు జానలే.

ఇది నేనొక్కదాన్నీ తేల్చేది కాదు. ఒకసారి అలా తేల్చి చూశాను. షెడ్డులో ఉన్న వాళ్ళందరికీ చెప్పాను. చంటిపిల్లని ఎత్తుకున్న ఒకావిడ, "మా బియ్యం డ్రమ్ము అటక మీదుంది. అంతదాకా వత్తాయా?" అని అడిగింది. రావచ్చన్నాను. అబద్ధం చెప్పదలచుకోలేదు.

వరహాలమ్మ చాప మీంచి లేచింది. "కొంప ఎలాగూ మునిగింది. ఇంకో రెండు జానలొత్తే కొత్తగా తడిసేదేటి? బియ్యం ఎండబెట్టుకోవచ్చు. ఆపెయ్ అమ్మా."

ఆ చంటిపిల్ల తల్లి కూడా తలూపింది.

నాలుగుంపావుకి మూడో పంపు ఆపి, ఆసుపత్రికి లైను ఇచ్చాను. నాలుగూ యాభైకి రెండోది. అయిదూ పదికి మొదటిది కూడా. అయిదు దాటాక కాలువ మీద పడేసిన చెక్కముక్క నడిచే మనిషి కంటే నెమ్మదిగా కదిలింది. లోడు కొద్దిగానే ఉంది కాబట్టి వోల్టు నిలబడింది. అయిదూ ఇరవైకి బల్ల మీది నా దీపం ఆర్పేశాను. షెడ్డు ఫ్యాను తీగ పీకేశాను. ఇంక ఆపడానికి నా దగ్గర ఏమీ లేదు.

అయిదూ ఇరవై ఎనిమిదికి చెక్కముక్క ఆగిపోయింది. ముల్లు మెల్లగా సున్నా మీదికి వచ్చి కూర్చుంది.

గట్టు మీద ఎవరో పరిగెత్తుకొస్తున్నారు. ఆసుపత్రి ఆయా. గుమ్మంలో నిలబడి ఆయాసపడుతోంది.

"కుట్లు అయిపోయాయండి," అంది. "కట్టు కడతంటే దీపం పోయింది. కట్టు కిటికీ వెలుతురులో కట్టేశారు."

వరహాలమ్మ గాలం చుట్ట సర్దుకుంటూ, "ఆటు ఎప్పుడు మొదలవుద్ది?" అని అడిగింది.

"ఇంకో ఇరవై నిమిషాలు."

"అయితే కూకో కాసేపు," అంది, చాప మీద చోటిస్తూ. కూర్చున్నాను.

ఆగస్టు 16, ఉదయం పోటు

ఉప్పు 25. వోల్టులు 33. పంపులు మూడు తిరుగుతున్నాయి. నాలుగోదాని బేరింగులో ఇసుక చేరింది, విప్పి కడుగుతున్నారు. వాన తగ్గింది. వెనక మడుగంతా ఉప్పు నీళ్ళతో నిండింది కాబట్టి ఆటుకి కూడా కరెంటు వస్తోంది. పల్లపు వీధిలో కిటికీల కింది అంచు బయటపడింది. నాలుగిళ్ళ గోడలు కూలాయి. మనుషులు నాలుగు వందల పన్నెండు మందీ ఉన్నారు. ప్రెసిడెంటుగారు పేరు పేరునా పిలిచి లెక్క చూశారు.

రేపటినుంచి పైన, నడుమ, అడుగున మూడుచోట్లా ఉప్పు కొలుస్తాను. పై ఆఫీసుకి పంపే కాగితంలో 'కారణం' అన్న గడి ఉంది. నదీ వరద అని రాసి, దాని పక్కన నా పొరపాటు కూడా రాశాను.

గీకే పని ముగించి ఆసుపత్రికి వెళ్ళాను. మావయ్య పడుకుని ఉన్నాడు. కుడిచెయ్యి తలగడంత కట్టుతో గుండెల మీద ఉంది. మూడు వేళ్ళు మిగిలాయని, బొటనవేలు వాటిలో ఉందని, పార పట్టుకోవచ్చని డాక్టరుగారు చెప్పారు. పక్కన కూర్చుని భుజం తట్టాను. కళ్ళు తెరిచాడు.

"పంపులు?"

"మూడు తిరుగుతున్నాయి మావయ్యా."

"నాలుగోది?"

"విప్పారు. మధ్యాహ్నానికి తిరుగుతుంది."

"మరైతే ఇప్పుడెందుకు లేపేవు?" అన్నాడు, కళ్ళు మూసుకుంటూ. "అది కూడా తిరిగేక రా."